షిన్ స్ప్లింట్స్ రాకుండా పరిగెత్తాలంటే

కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకు నేను శిక్షణ ఇస్తుంటాను. మూడో వారమో నాలుగో వారమో రాగానే చాలామంది అడిగేది ఒకటే: "ఆయాసం రావట్లేదండీ, ఇంకో రెండు కిలోమీటర్లు పెంచనా?" సరిగ్గా అప్పుడే నేను వద్దంటాను. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముకకు నెలలు పడుతుంది. పరుగు భారం తగిలిన చోట ఎముక ముందు పాత భాగాన్ని కొంత కరిగించుకుని, తర్వాత కొత్తది గట్టిగా కట్టుకుంటుంది. ఆ పని పూర్తికాకముందే మళ్లీ మళ్లీ భారం పడితే మోకాలి కింద, కాలి ముందు ఎముక లోపలి అంచు పొడవునా, ముఖ్యంగా చీలమండకు దగ్గరగా నొప్పి మొదలవుతుంది. దీన్నే షిన్ స్ప్లింట్స్ అంటారు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి వాళ్లు ఇంకాస్త నిదానంగా వెళ్లాలి.

దూరం, వేగం, ఎత్తు ఎక్కడం. ఒక వారంలో వీటిలో ఒక్కటే, అదీ కొద్దిగానే పెంచండి. రెండు మూడు వారాలు పెంచాక ఒక వారం తగ్గించండి. మొదట్లో రోజు విడిచి రోజు పరిగెత్తితే చాలు. మట్టి దారి నుంచి రోడ్డుకు మారినా, మెత్తటి షూ వదిలి పల్చటి సోల్ షూ వేసుకున్నా అది కూడా భారం పెంచడమే. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

ఇక పిక్కలు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. పరుగుకు ముందు పిక్కలు సాగదీసుకుంటే చాలనుకుంటారు గానీ, వాటికి కావాల్సింది బలం. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, గోడ పట్టుకోండి. రెండు అంకెలు లెక్కపెడుతూ మడమలు పైకి లేపండి, పైన ఒక్క క్షణం ఆగండి, మూడు అంకెలు లెక్కపెడుతూ దించండి. దించేటప్పుడు ఒక్కసారిగా వదిలేస్తే సగం ఫలితం పోతుంది. బరువు బొటనవేలి మొదట్లో ఉండాలి, చిటికెన వేలి వైపు ఒరగకూడదు. 15 చొప్పున మూడుసార్లు తేలికగా చేయగలిగితే ఒంటికాలికి మారండి. ఆ తర్వాత మోకాలు కాస్త వంచి ఇదే చేయండి. అలా వంచితే పైకి కనిపించే కండ వదులై, దాని కిందున్న సోలియస్ కండరం మీదకు పని వెళ్తుంది. పరుగులో ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం మోసేది అదే. వారానికి రెండు మూడుసార్లు చేస్తే సరిపోతుంది.

అడుగు మరీ ముందుకు చాచి వేస్తే ప్రతిసారీ ఎముకకు దెబ్బ గట్టిగా తగులుతుంది. నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టండి. 160 ఉంటే, వేగం పెంచకుండా 170 దగ్గరికి తీసుకురండి. అంటే అడుగు చిన్నదవ్వాలి. అందరికీ 180 ఉండాలనే మాట పట్టించుకోకండి.

షూ 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మార్చుకోండి. బరువు తగ్గాలని తిండి తగ్గించి, పరుగు మాత్రం పెంచేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్. చాలినంత తిండి, నిద్ర లేకపోతే ఎముక కోలుకోదు. నెలసరి ఆగిపోయిన అమ్మాయిలు వెంటనే డాక్టరును కలవాలి.

ఇన్ని చేసినా నొప్పి వస్తే, ఎముక లోపలి అంచు వెంట వేలితో కింద నుంచి పైకి నొక్కుకుంటూ వెళ్లండి. నొప్పి బెత్తెడు మేర పరుచుకుని ఉంటే సాధారణంగా షిన్ స్ప్లింట్సే. పరుగు బాగా తగ్గించి, నొప్పి లేకుండా నడవగలిగాకే మెల్లగా పెంచండి. అలా కాకుండా వేలి మొనంత చోటే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా, ఒంటికాలి మీద గెంతలేకపోయినా పరుగు ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. అది తొలి వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. అందుకే ఎక్స్‌రే బాగుందని ఊరుకోకుండా, ఎమ్మారై అవసరమా అని కూడా అడగండి.