పిల్లలకు చదవడం వచ్చిందా, నోటికొచ్చిందా?

రెండో తరగతికొచ్చినా పిల్లలు కూడబలుక్కుని చదవలేకపోతుంటే పాఠ్యపుస్తకం కాసేపు పక్కన పెట్టండి. పాఠం వాళ్లకు నోటికొచ్చేసి ఉంటుంది. బొమ్మ చూసి గడగడా అప్పజెబుతారు, మనమేమో చదివేస్తున్నారని మురిసిపోతాం.

మన పాలమూరు, నల్లగొండ బస్సుల మీద కనిపించే ఊళ్ల పేర్లు పెద్దగా రాసివ్వండి: జడ్చర్ల, వనపర్తి, మిర్యాలగూడ. తర్వాత అక్షరాలు తారుమారు చేయండి. 'వనపర్తి'ని 'పనవర్తి' చేయండి, 'జడ్చర్ల'ను 'చడ్జర్ల' చేయండి. అలాంటి ఊరు లేదు కాబట్టి మొదటి అక్షరం చూసి ఊహించడం కుదరదు, ప్రతి అక్షరం చూడాల్సిందే. పైగా పిల్లలకు భలే నవ్వొస్తుంది.

ఎక్కడ ఆగుతున్నారో గమనించండి. ఎక్కువగా ఒత్తుల దగ్గరే. 'ర్తి' చూడండి: గుడి 'ర' మీద ఉంటుంది, పలికేది మాత్రం కింద ఉన్న 'త'తో. అందుకే కొందరు 'రిత' అంటారు. అది మొద్దుతనం కాదు, కంటికి కనిపించిన వరసలో చదువుతున్నారంతే.

చదవడం బాగా అలవాటైనవాళ్ల చూపు సుమారు పావు సెకను ఆగి ముందుకు దూకుతుంది, ఆ కాస్తలోనే మాటలోని అక్షరాలన్నీ అందుకుంటుంది. ఇలా విడదీసి చదివిన మాటలే మెల్లగా ఆ వేగానికి వస్తాయి.

రోజూ పది నిమిషాలు చాలు. తప్పు చదివితే వెంటనే అందించకండి, ఆ ఒత్తు కింద వేలు పెట్టి ఊరుకోండి.