నల్లమలలో పొగ కనపడితే ఏం చూడాలి, ఎట్లా చెప్పాలి

మా చేను అమ్రాబాద్ మండలంలో, అడవికి ఆనుకొని ఉంది. శివరాత్రి దాటిందంటే చేనుకు పోగానే గుట్టల మీదుగా ఒకసారి చూపు తిప్పుతాను. అప్పటి నుంచి తొలకరి దాకా టేకు ఆకు, మద్ది ఆకు రాలి నేలంతా పరుచుకుంటాయి, మధ్యలో నిలువెత్తు బోద గడ్డి ఎండి ఉంటుంది. ఒక బీడీ ముక్క చాలు. అగ్గి చిన్నగా ఉన్నప్పుడే తెలిస్తే నలుగురు మనుషులు పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేస్తారు. మధ్యాహ్నం గాలికి గుట్ట ఎక్కిందంటే ఎంతమంది వచ్చినా కష్టమే.

శాటిలైట్లు ఉన్నాయి కదా అంటారు మా పిల్లలు. నిజమే, డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా శాటిలైట్లతో మంటలు పట్టి అధికారుల ఫోన్లకు మెసేజ్‌లు పంపుతుంది. కానీ అవి రోజుకు కొన్నిసార్లే మన మీదుగా పోతాయి. ఒక రకం శాటిలైట్ నేలను 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది, ఇంకో రకం కిలోమీటరు గళ్లుగా. చెట్ల కింద పాకే చిన్న మంట వాటికి అందకపోవచ్చు. శ్రీశైలం రోడ్డు మీద పోయే డ్రైవర్‌కు, మేకల కాపరికి, తునికాకుకు పోయే అక్కకు అది ముందే కనపడుతుంది.

పొగ అవునా కాదా అన్నది దాని మొదలు చూస్తే తెలుస్తుంది. లోయలో పొద్దున కనపడే మంచు ఎండ ఎక్కగానే విడిపోతుంది. సుడిగాలి దుమ్ము నడుస్తూ పోతుంది. పొగ మొదలు మాత్రం ఒకేచోట ఉండి, పైభాగం గాలికి వాలుతుంది. కాసేపు చూడండి, మొదలు వెడల్పవుతుంటే అగ్గి పాకుతున్నట్టే. నల్లగా, దట్టంగా లేస్తే టైర్లో ప్లాస్టికో కాలుతుండవచ్చు, రోడ్డు మీద బండి కూడా కావచ్చు. పెంటలో, అంటే చెంచుల గూడెంలో, పొయ్యి పొగ సన్నగా లేచి కాసేపటికి ఆగిపోతుంది. చేలో పత్తికట్టె కాలుస్తున్నా, అడవి పక్కనైతే నేను ఫోన్ చేస్తాను. పొగ కనపడకపోయినా ఒకేచోట గద్దలు గుంపుగా తిరుగుతుంటే అటువైపు చూడండి, మంటకు లేచే పురుగుల కోసం వస్తాయి. రాత్రయితే గుట్ట మీద ఎర్రటి గీత కనపడుతుంది.

నిర్ధారణ చేసుకుందామని లోపలికి నడవకండి. ముందు ఫోన్. మీ ఫారెస్టు బీట్ ఆఫీసర్ నంబరు, రేంజ్ ఆఫీసు నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి. అవి లేకపోతే 112, లేదా ఫైర్ వాళ్ల 101.

మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: "మన్ననూర్ దాటినాక అడవి కాలుతుంది" అంటారు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మొత్తం 2,600 చదరపు కిలోమీటర్ల పైనే ఉంది, వాళ్లు ఎక్కడని వెతకాలి? మీరు నిలబడ్డ చోటు చెప్పండి: రోడ్డు మీదైతే కిలోమీటరు రాయి అంకె, లోపలైతే దగ్గరి పెంట, కుంట, వాగు పేరు. పొగ ఏ దిక్కున, గుట్టకు ఇవతలా అవతలా, గాలి ఎటు, మంట పైకి ఎక్కుతుందా కిందికి దిగుతుందా చెప్పండి. ఇంకో ఊరిలో తెలిసిన మనిషి ఉంటే వాళ్లకూ ఫోన్ చేసి ఏ దిక్కున కనపడుతుందో అడగండి. రెండు చోట్ల నుంచి రెండు దిక్కులు తెలిస్తే అవి కలిసే చోటు అగ్గి. చాలా చోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఫొటో తీసి, టైమ్ గుర్తుపెట్టుకొని, సిగ్నల్ దొరికే గట్టు మీదికి వెళ్లి పంపండి.

ఫోన్ చేస్తే మనమే పెట్టామంటారేమో అని చాలామందికి టెన్షన్. ముఖ్యంగా చెంచు పెంటల్లో. అడవికి అగ్గి పెట్టడం నేరమే, అభయారణ్యంలో నిప్పు పెట్టకూడదని 1972 వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. దాచిపెడితే అనుమానం ఇంకా పెరుగుతుంది. ముందుగా చెప్పినవాళ్లను దొంగల్లా చూడొద్దని ఫారెస్టు సార్లను కూడా చేతులు జోడించి అడుగుతున్నాను. లోపలి దారులు చెంచులకు తెలిసినంత ఎవరికీ తెలియవు.

మంట దగ్గరగా ఉంటే గుట్ట పైకి పరుగెత్తొద్దు, అగ్గి ఎక్కేది అటే. పక్కకు తప్పుకొని కాలిపోయిన నేల వైపో, రోడ్డు వైపో వెళ్లండి. పిల్లలను ఆర్పడానికి పంపకండి. సలేశ్వరం జాతరకు పోయేవాళ్లు వండుకున్న చోట నీళ్లు పోసి, బూడిద కలిపి, మళ్లీ పోసి, చేయి దగ్గర పెట్టి సెగ లేదని చూశాకే కదలండి.

ఆరిందన్నాక తెల్లారి మళ్లీ చూడండి. ఎండు మోడులు, దుంగలు లోపల రాజుకుంటూ ఉంటాయి, మధ్యాహ్నం గాలి లేస్తే మళ్లీ మంటవుతాయి. సన్నటి పొగ కనపడినా అదే నంబరుకు మళ్లీ ఫోన్ చేయండి.