లైనక్స్‌లో టీవీ ట్యూనర్ కార్డు: బొమ్మ రాకపోతే

పాత పీసీఐ కార్డుల్లో ఎక్కువగా ఉండే చిప్ బీటీ878. దాన్ని నడిపే డ్రైవర్ బీటీటీవీ కెర్నల్‌లోనే ఉంటుంది, సీడీ వెతకక్కర్లేదు.

ముందు టెర్మినల్లో, పీసీఐ కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ (lspci) ఆదేశం కొట్టండి. అందులో ఈ చిప్ తయారీ సంస్థ బ్రూక్‌ట్రీ (Brooktree) పేరు లేకపోతే కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, కార్డును వేరే స్లాట్‌లో గట్టిగా కూర్చోబెట్టండి.

పేరుండీ తెర నిండా చుక్కలే వస్తే, సాధారణంగా తప్పు ట్యూనర్ నంబరుదే, అంటే ట్యూనర్ ఏ రకమో డ్రైవర్‌కు చెప్పే నంబరుది. చౌక కార్డుల్లో గుర్తింపు చిప్ ఉండదు; డ్రైవర్ 'కార్డ్=0', అంటే తెలియని కార్డు, అనుకుని ఊరుకుంటుంది. కెర్నల్ సందేశాలు చూపే డీమెస్గ్ (dmesg) ఆదేశంలో ఆ ముక్క కనిపిస్తుంది. కార్డు మీదుండే ట్యూనర్ రేకు డబ్బా స్టిక్కర్ చదవండి. ఫిలిప్స్ ఎఫ్ఐ1216 అయితే ట్యూనర్=5, మన పాత పాల్ (అనలాగ్) ప్రసారాలకు సరిపోయింది అదే. బీటీటీవీని తీసేసి, ఆ నంబరుతో మోడ్‌ప్రోబ్ (modprobe, డ్రైవర్‌ను ఎక్కించే ఆదేశం) చేయండి. పనిచేస్తే ఆ నంబరును మోడ్‌ప్రోబ్ డాట్ డి (/etc/modprobe.d) ఫోల్డర్లో రాసిపెట్టండి, లేకపోతే రీబూట్‌తో పోతుంది.

వీడియో పరికరాలకు లైనక్స్ వీడియో0, వీడియో1 అని పేర్లు పెడుతుంది; వెబ్‌క్యామ్ ఉంటే వీడియో0 దానిదై, కార్డు వీడియో1 కావచ్చు.

బొమ్మ వచ్చి శబ్దం లేదా? చాలా కార్డుల్లో శబ్దం విడిగా వైరు మీద వస్తుంది. దాన్ని సౌండ్ కార్డు లైన్ ఇన్‌లో గుచ్చి, శబ్దం సరిచేసే ఆల్సామిక్సర్ (alsamixer) ప్రోగ్రామ్‌లో లైన్ కింద 'ఎంఎం' (MM, శబ్దం మూసినట్టు గుర్తు) ఉంటే ఎం నొక్కండి.

కేబుల్ డిజిటల్ అయ్యాక ఛానెళ్ల స్కాన్‌తో పనిలేదు. సెట్‌టాప్ బాక్స్ పసుపు వైరును కార్డుకిచ్చి, టీవీ చూసే ప్రోగ్రామ్ టీవీటైమ్ (tvtime)లో ఇన్‌పుట్‌ను కాంపోజిట్‌కు (పసుపు వైరు ఇన్‌పుట్) మార్చండి.