పెద్దవాళ్ల ఫోన్‌కి చెత్త కాల్స్ రాకుండా చేయడం ఎలా?

లోన్ కావాలా, శంషాబాద్ దగ్గర ప్లాట్లున్నాయి, క్రెడిట్ కార్డు ఫ్రీ... వచ్చిన నంబర్‌ని వచ్చినట్టే బ్లాక్ చేసుకుంటూ కూర్చోవడం దండగ. సాయంత్రానికి ఇంకో నంబర్‌తో చేస్తారు.

ముందు డీఎన్‌డీ, అంటే ప్రచార కాల్స్ వద్దని మన టెలికాం కంపెనీకి చెప్పి నమోదు చేసుకోవడం. ఇంగ్లిష్ అక్షరాల్లో స్టార్ట్ అని రాసి, ఖాళీ వదిలి, సున్నా పెట్టి 1909కి ఎస్సెమ్మెస్ కొట్టండి. రెండు సిమ్‌లుంటే రెండింటి నుంచీ విడివిడిగా పంపాలి. ఓటీపీలు ఆగవు, ఆ భయం వద్దు. 140తో మొదలయ్యే ప్రచార కాల్స్ దీంతో తగ్గుతాయి. మామూలు పదంకెల నంబర్ నుంచి చేసేవాడు డీఎన్‌డీని లెక్కచేయడు.

తర్వాత గూగుల్ ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాలర్ ఐడీ అండ్ స్పామ్ తెరిచి, స్పామ్ ఫిల్టర్ ఆన్ చేయండి. నిమిషం పని. పేర్లు చూపించే వేరే యాప్ మాత్రం ఎక్కించొద్దు. అది కాంటాక్ట్స్ అన్నీ చూడనిమ్మంటుంది. మన గొడవ తీర్చుకోవడానికి బంధువులందరి నంబర్లూ ఎవరికో అప్పజెప్పడం ఎందుకు?

అసలు చిక్కు ఇక్కడే. తెలియని నంబర్లు మోగకుండా చేయడం అందరూ పాడుచేసే పని. కొడుకు పండక్కి వచ్చి స్విచ్ నొక్కేసి వెళ్లిపోతాడు. ల్యాబ్ వాళ్లు చేస్తే మోగదు, గ్యాస్ బండ తెచ్చినవాడు గేటు దగ్గర నుంచి వెనక్కి పోతాడు. కాబట్టి స్విచ్ జోలికి వెళ్లకముందు కాల్ లిస్టు తెరిచి, గత నెల రోజుల్లో పనికొచ్చిన ప్రతి నంబరూ సేవ్ చేయండి: వాచ్‌మన్, పనమ్మాయి, మందుల షాపు, వాటర్ క్యాన్, ఆటో. ఆస్పత్రికి రెండు మూడు లైన్లుంటాయి, అన్నీ ఎక్కించండి. అమెరికాలో ఉన్న పిల్లల నంబర్లు ప్లస్ 1తో మొదలవ్వాలి.

ఇప్పుడు ఫోన్ సెట్టింగ్స్‌లో డు నాట్ డిస్టర్బ్ అని వెతికి (ఇది పైన చెప్పిన డీఎన్‌డీ కాదు, ఫోన్‌లోనే ఉండే మోడ్), కాల్స్‌కి కాంటాక్ట్స్ ఎంచుకోండి. దాని కిందే ఉండే రిపీట్ కాలర్స్ తప్పకుండా ఆన్ చేయాలి. అదే నంబర్ నుంచి పదిహేను నిమిషాల్లో రెండోసారి వస్తే అప్పుడు మోగుతుంది. ఐఫోన్‌లో ఆ గడువు మూడు నిమిషాలే. నిజంగా పని ఉన్నవాడు మళ్లీ చేస్తాడు. తెలియని కాల్స్ అన్నీ పూర్తిగా నోరుమూయించే సెట్టింగ్ కన్నా ఇదే మేలని చెప్పేది అందుకే. అయితే ఈ మోడ్‌లో మెసేజ్‌ల చప్పుడు కూడా పోతుంది, దానికి విడిగా అనుమతి ఇవ్వండి. మాత్రల అలారాలు మోగుతున్నాయో లేదో ఒకటి పెట్టి చూడండి. మోగని కాల్స్ మిస్డ్ లిస్టులో ఉంటాయి, పొద్దూకేలోగా ఒకసారి చూసుకుంటే చాలు. అందులో 1600తో మొదలయ్యేవి బ్యాంకులవి, ప్రభుత్వ సంస్థలవి కావచ్చు.

పదంకెల నంబర్ నుంచి అమ్మకాల కాల్ వస్తే, నంబరు, తేదీ, ఏం అమ్మజూపాడో రాసి ఏడు రోజుల్లోపు 1909కి ఫిర్యాదు పంపండి. 2025 సవరణతో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన కాస్త గట్టిపడింది: పది రోజుల్లో అయిదు ఫిర్యాదులొస్తే ఆ నంబర్ మీద చర్య తీసుకోవచ్చు. బ్లాక్ చేస్తే మీ ఒక్కరికే ఆగుతుంది. పోలీసులమని, కొరియర్‌లో డ్రగ్స్ దొరికాయని బెదిరిస్తే అది ట్రాయ్ పని కాదు. సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, మోసపు కాల్స్ మీద ఫిర్యాదులు తీసుకునే చక్షు విభాగంలో పెట్టాలి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వాట్సాప్ కాల్స్‌కి విడిగా ఇంకో సెట్టింగ్ ఉంది. అందులో ప్రైవసీ, కాల్స్‌లోకి వెళ్లి సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చేయండి.