దోటి ఎత్తేముందు తల ఎత్తి చూడండి

మామిడికాయలు దించే ఏప్రిల్ నుంచి తొలకరి పడే జూన్ దాకా పేపర్ల జిల్లా పేజీల్లో ఒకే వార్త మళ్లీ మళ్లీ వస్తుంది. ఊరు మారుతుంది, చెట్టు మారుతుంది. ఒకచోట మామిడి, ఇంకోచోట మునగ, మరోచోట కొబ్బరి. మిగతాదంతా అదే: డాబా మీద నిలబడి ఇనుప గెడతో కాయలు కోస్తుంటే కరెంటు తీగ తగిలి ప్రాణం పోయింది. కొన్నిసార్లు పట్టుకోబోయిన రెండో మనిషి కూడా.

వానలకు ముందు మిద్దెతోటల వాళ్లు, పెరటితోటల వాళ్లు పనిముట్లన్నీ బయటికి తీసే రోజులివి. గ్లౌజులు వేసుకోండి, కత్తి పదును చూసుకోండి లాంటివి అందరికీ తెలుసు, వాటితో కాలక్షేపం వద్దు. కుటుంబాలను కూల్చే తప్పు ఒక్కటే ఉంది: తీగ దగ్గర లోహపు గెడ ఎత్తడం.

దోటి

పెరటితోటలో ఇంతకంటే పనికొచ్చే పనిముట్టు లేదు. కొసన కొక్కెం, దాని కింద చిక్కం ఉంటే కాయ నేల మీద పడి చితకదు, సొన చేతికి అంటదు. ఒకప్పుడు ఎండిన వెదురుతో చేసుకునేవారు. ఇప్పుడు షాపుల్లో దొరికేవి చాలావరకు అల్యూమినియం గొట్టాలు, ఒకదాంట్లోంచి ఒకటి లాగితే 12, 15 అడుగుల దాకా సాగుతాయి. తేలిక, చవక. ఆ తేలికే ప్రాణం మీదికి తెస్తుంది, ఒంటిచేత్తో ఎటు పడితే అటు తిప్పేస్తారు కాబట్టి.

కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి లోహం కాదనుకునేవారున్నారు. అల్యూమినియానికి అయస్కాంతం అంటుకోదు. ‘ఫైబర్’ అని అమ్మేవాటిలో కొన్నింటికి పై భాగం అల్యూమినియమే, అన్ని భాగాలూ విప్పించి చూడండి. కార్బన్ ఫైబర్ అయితే అది కూడా కరెంటును మోస్తుంది. మంచిది గ్లాస్ ఫైబర్ గెడ. దాని మీదా తడి, మట్టి ఉంటే నమ్మకూడదు. వెదురు ఎండిందైతే కొంత నయం, పచ్చిదైనా వానకు తడిసినా కాదు. ఏ గెడైనా 11 వేల వోల్టుల లైను దగ్గర రక్షణ కాదు.

ప్రమాదం ఎలా జరుగుతుందో ఒక్క క్షణం దగ్గరగా చూడండి. మనిషి పైకి చూస్తూ గెడ లాగుతుంటాడు. కళ్లు కాయ మీద ఉంటాయి, ఆకుల సందులోంచి ఎండ కళ్లలో పడుతుంటుంది. తొడిమ పుటుక్కున తెగుతుంది. అప్పటిదాకా వంగి ఉన్న గెడ ఒక్కసారి వెనక్కి లేస్తుంది. చిక్కంలో అరకిలో కాయ ఊగుతుంది. కాలు ఒక అడుగు వెనక్కి పడుతుంది. ఆ ఊపులో కొస మూడు నాలుగు అడుగులు పక్కకు పోతుంది. తీగను ఎవరూ కావాలని తాకరు. కాయ కోసేటప్పుడే కాదు, గెడ నిలబెట్టేటప్పుడు, దించేటప్పుడు, భుజాన వేసుకుని తిరిగేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

‘లైను రూలు ప్రకారం దూరంగానే ఉంది’ అంటారు. లెక్క చూడండి. నిబంధన ప్రకారం 11 కేవీ (11 వేల వోల్టుల) లైను డాబా మీదుగా వెళ్తే నిలువునా 3.7 మీటర్లు, పక్క నుంచి వెళ్తే 1.2 మీటర్లు ఎడం ఉండాలి. అంటే సుమారు 12 అడుగులు, 4 అడుగులు. 10 అడుగుల గెడను నడుము దగ్గర పట్టుకుని నిలబెడితే కొస 13 అడుగులు దాటుతుంది. పక్క లైనుకైతే గెడే అక్కర్లేదు, చెయ్యి చాచి కొడవలి పట్టుకుంటే చాలు. రూలు ప్రకారం వేసిన లైను కూడా మీ దోటికి అందుతుంది.

అందుకని కొలత ఇది: గెడ పొడవు, చేతులెత్తితే మీ ఎత్తు, ఈ రెండూ కలిపి ఆపైన ఇంకో 10 అడుగులు. అంత దూరంలో, ఏ వైపైనా, గెడ జారి పడినా సరే, తీగ ఉండకూడదు. ఉందా? ఆ వైపు లోహపు గెడ ఎత్తొద్దు.

కాకి వాలుతోంది కదా, ఏమీ కావట్లేదు కదా అనే మాటొకటి. కాకి ఒక్క తీగనే తాకుతుంది, నేలను తాకదు. మీరు స్లాబు మీద నిలబడి ఉన్నారు. 11 కేవీ తీగలకు మామూలుగా పైన తొడుగు ఉండదు, నల్లబడిన అల్యూమినియాన్ని చూసి రబ్బరు అనుకోవద్దు. హవాయి చెప్పులు ఆ వోల్టేజీని ఆపవు.

పందిరి పైపులు

బీర, సొర, చిక్కుడు పందిళ్లకు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు ఈ నెలల్లోనే పైకి చేరతాయి. పైపు 6 మీటర్ల పొడవు వస్తుంది, అంటే దాదాపు 20 అడుగులు. మెట్ల మలుపులో తిరగదు. వీధిలోంచి ఒకరు నిలబెట్టి అందిస్తే పిట్టగోడ మీంచి ఇంకొకరు లాగుతారు. వీధి లైను సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. దోటి కంటే ఇది ఘోరం, ఇద్దరూ రెండు చేతులా పట్టుకుని ఉంటారు. షాపులోనే సగానికి కోయించండి, మెట్ల మీంచి అడ్డంగా మోయండి. అదనంగా అయ్యేది రెండు ముక్కలను కలిపే జాయింటు సాకెట్టు ఖర్చే.

కత్తెర, రంపం, మోటారు

పచ్చి కొమ్మలకు రెండు బ్లేడ్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే బైపాస్ కత్తెర వాడండి. వేలంత లావు దాటితే పొడుగు పిడుల లాపర్, అంతకు మించితే రంపం. కత్తెర బలవంతంగా నొక్కితే బ్లేడు తిరిగి వేలి మీదికి వస్తుంది. పని ఆపగానే లాక్ వేయండి.

బరువైన కొమ్మను పైనుంచి ఒకే కోత కోస్తే సగంలో చీలి, మాను బెరడు ఊడదీసుకుంటూ పడుతుంది. ముందు కింద నుంచి మూడో వంతు, తర్వాత కొంచెం అవతలగా పైనుంచి, చివర మొద్దు మానుకు దగ్గరగా. మునగ మాత్రం ఎక్కొద్దు. ఆ కొమ్మ ఎప్పుడు విరుగుతుందో చెప్పదు, మునగచెట్టు ఎక్కించడం అనే మాట ఊరికే పుట్టలేదు. కింద నుంచే కోయండి, తీగ లేని వైపు.

సంపులో మోటారు ఆన్‌లో ఉండగా చెయ్యి పెట్టొద్దు. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్చి) ఉంది కదా అని ధీమా వద్దు. అది వైరింగును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి కోసం, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. దాని టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి. పడకపోతే మార్పించండి.

ఇక వరసగా చెప్పుకుంటూ పోవాల్సినవి.

కొమ్మ తీగకు తగులుతుంటే మీరు కోయొద్దు. తడి కొమ్మే కరెంటు మోస్తుంది. కరెంటు సెక్షన్ ఆఫీసుకు చెప్పండి లేదా విద్యుత్ హెల్ప్‌లైన్ 1912కు ఫోన్ చేయండి. లైన్‌మన్ వచ్చినా సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపామన్న అనుమతి) తీసుకున్నాకే కొమ్మ మీద చెయ్యి వేస్తాడు.

‘ఇప్పుడు కరెంటు లేదు, చకచకా కోసేద్దాం’ అనొద్దు. ఎప్పుడొస్తుందో మీకు తెలియదు. పక్కింటి జనరేటర్ నుంచి వెనక్కి కూడా రావచ్చు.

వెదురు గెడకు కొక్కేన్ని ఇనుప తీగతో కింది దాకా చుట్టొద్దు. అలా చుడితే అది ఇనుప గెడే.

ఉరుము వినపడితే పనిముట్లు అక్కడే పెట్టి దిగిపోండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా డాబా ఎక్కొద్దు.

పాచి పట్టిన స్లాబు మీద నిచ్చెన వేయొద్దు. పిట్టగోడ మీద నిలబడొద్దు.

కుండీలు జరిపేముందు కర్రతో కదపండి. తొలివానకు పాములు పొడి చోటు వెతుక్కుంటాయి.

స్ప్రేయర్ నాజిల్ నోటితో ఊదొద్దు.

తుప్పు పట్టిన గునపం గీసుకుంటే ధనుర్వాతం (టెటనస్) ఇంజెక్షన్ సంగతి అదే రోజు డాక్టర్ని అడగండి.

గాలివానకు తెగిపడిన తీగకు 10 మీటర్ల లోపలికి వెళ్లొద్దు. అప్పటికే లోపల ఉంటే కాళ్లు నేల మీంచి ఎత్తకుండా, పాదాలు దగ్గరగా పెట్టి జరుపుకుంటూ బయటికి రండి.

ఎవరికైనా 11 కేవీ లైను తగిలితే ముట్టుకోవద్దు. కర్రతో కూడా వద్దు. 1912, 108, ఈ రెండింటికీ ఫోన్ చేయండి. లైను ఆపారని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా ఆగాలి, ఎంత కష్టమైనా. ఆపాక ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి, అంబులెన్స్ వచ్చేదాకా.

ఇంట్లో కరెంటైతే ముందు మెయిన్ ఆపండి, తర్వాతే మనిషి దగ్గరికి వెళ్లండి.

మళ్లీ చెప్తున్నాం. తీగ దగ్గర లోహపు గెడ ఎత్తొద్దు. దోటి కావచ్చు, పైపు కావచ్చు, బట్టలారేసే కమ్మీ కావచ్చు, బూజు కర్ర కావచ్చు. గెడను పిల్లలకు అందకుండా అడ్డంగా పడుకోబెట్టి ఉంచండి, గోడకు నిలబెట్టొద్దు. పనికి పిలిచిన మనిషికి మీ డాబా పక్క లైను ఎక్కడుందో వేలు పెట్టి చూపించి, ఆ తర్వాతే గెడ చేతికివ్వండి.

తీగ పక్క కొమ్మన ఉన్న కాయలు కాకులకూ ఉడతలకూ వదిలేయండి.