బండికి అదనపు లైట్లు: ఏవి కొనాలి, ఎక్కడ బిగించాలి, వైరు ఎలా లాగాలి

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న మోటారు సైకిల్ సెకనుకు 22 మీటర్లు ముందుకు వెళ్తుంది. రోడ్డు మీద గేదె కనబడి, చెయ్యి బ్రేకు మీద పడేసరికే 30 మీటర్లు దాటిపోతాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టినా ఆగడానికి ఇంకో 40 మీటర్లు కావాలి. మామూలు హాలోజెన్ హెడ్‌లైటు లో బీమ్‌లో స్పష్టంగా కనబడేది మహా అయితే 40, 50 మీటర్లు. హై బీమ్ వేద్దామంటే, డివైడర్ లేని రోడ్ల మీద నిమిషానికో బండి ఎదురొస్తుంది. అందుకే లైట్లు కొనేటప్పుడు ‘ఎంత దూరం కొడతాయి’ అని కాదు, ‘ఎదుటివాడి కంట్లో పడకుండా ఎంత చూపిస్తాయి’ అని అడగాలి. దుకాణంలో ఈ ప్రశ్నకు జవాబు దొరకడం కష్టం. లెన్సు చూసి మనమే తేల్చుకోవాలి.

రకం ముందు, వాట్లు తర్వాత

స్పాట్ లైటు వెలుగు సన్నగా, పది డిగ్రీల లోపు కోణంలో దూరంగా పోతుంది. డ్రైవింగ్ లైటుది అంతకంటే కాస్త వెడల్పు. హై బీమ్‌కు తోడుగా వాడేది ఇదే. ఫాగ్ లైటు వెలుగు 60 డిగ్రీలకు పైగా పక్కలకు పరుచుకుంటుంది, పైన మాత్రం గీత గీసినట్టు తెగిపోతుంది. ఈ తెగిన అంచునే కటాఫ్ అంటారు. రోడ్డు పక్క మట్టి అంచు, గుంత, సైకిల్ మీద పోయే మనిషి, మలుపు లోపలి వైపు, ఇవన్నీ చూపించేది ఫాగ్ లైటే. మారేడుమిల్లి ఘాట్‌లాంటి మలుపుల్లో స్పాట్ లైటు లోయలోని చెట్లను చూపిస్తుంది తప్ప తిరగాల్సిన రోడ్డును చూపించదు.

ఒక జత మాత్రమే కొనే స్తోమత ఉంటే కటాఫ్ ఉన్న ఫాగ్ లైట్లే కొనండి. డ్రైవింగ్ లైట్లు రెండో జతగా, అదీ రాత్రి ప్రయాణాలు నిజంగా ఎక్కువగా చేసేవాళ్లకు. ఒట్టి స్పాట్ లైట్ల జోలికి పోకపోవడం మంచిది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 111వ నిబంధన, రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందువైపు స్పాట్ లైటు, సెర్చ్ లైటు బిగించడాన్ని నిషేధించింది కూడా.

కటాఫ్ ఉందో లేదో చూడటానికి దుకాణంలోనే లైటును 12 వోల్టుల బ్యాటరీకి తగిలించి, మూడు మీటర్ల దూరంలోని గోడ మీద వేయమనండి. పై అంచు కత్తిరించినట్టు ఉంటే ఫాగ్ లైటు. గుండ్రటి మచ్చలా ఉంటే, పెట్టె మీద ఏం రాసినా అది ఫాగ్ లైటు కాదు.

పెట్టె మీది అంకెల సంగతికొస్తే, మంచి ఎల్‌ఈడీ వాట్‌కు సుమారు 100 నుంచి 130 ల్యూమెన్లు (వెలుగు కొలమానం) ఇస్తుంది. 20 వాట్ల లైటు 2,000 ల్యూమెన్ల చుట్టుపక్కల ఉండాలి. అదే లైటు మీద 12,000 అని రాసి ఉంటే అచ్చు వేసినవాడి ఉదారత అనుకోవాలి. అసలు వాట్లు తెలియాలంటే మల్టీమీటరును (కరెంటు, వోల్టులు కొలిచే పరికరం) ఆంపియర్ల మీద పెట్టి కొలవండి. 12 వోల్టుల దగ్గర 1.6 ఆంపియర్లు తీసుకుంటే అది 20 వాట్ల లైటే. 60 వాట్లు అని అమ్మినది కూడా అంతే తీసుకోవడం మామూలు.

వెనకవైపు అల్యూమినియం రెక్కలు ఉన్న బరువైన బాడీ చూసుకోండి. వేడి బయటికి పోకపోతే ఎల్‌ఈడీ పది నిమిషాల్లో మసకబారుతుంది. నీటి విషయంలో ఐపీ67 (దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే రేటింగు) ఉండాలి.

రంగు గురించి చాలామందికి ఒక నమ్మకం ఉంది, పసుపు వెలుగు మంచును చీల్చుకుని పోతుందని. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి. తెలుపైనా పసుపైనా వెలుగు వాటి మీద దాదాపు ఒకేలా చెదిరిపోతుంది. అయినా లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున పసుపే హాయిగా ఉంటుంది, ఎందుకంటే నీలం పాళ్లు ఎక్కువున్న తెల్లటి వెలుగు వెనక్కి కొట్టినప్పుడు మన కంటిని ఎక్కువ బాధిస్తుంది. తడిసిన తారు రోడ్డు మీద కూడా అంతే. ఫాగ్ జతకు 3,000 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) పసుపు, డ్రైవింగ్ జతకు 5,000 దగ్గరి తెలుపు తీసుకోండి. 6,500 దాటిన నీలి తెలుపు వద్దు.

బండి ఎంత కరెంటు ఇవ్వగలదు

రెండు 20 వాట్ల ఎల్‌ఈడీలంటే 40 వాట్లు, అంటే 3.3 ఆంపియర్లు. 350 సీసీ బండ్లకు ఇది ఇబ్బంది కాదు. అదే రెండు 55 వాట్ల హాలోజెన్ బల్బులైతే 9 ఆంపియర్లు దాటుతుంది. చిన్న బండి ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే భాగం) దాన్ని మోయలేదు.

తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. బ్యాటరీ టెర్మినళ్ల మీద మల్టీమీటరు పెట్టి, ఇంజను నడుస్తుండగా హెడ్‌లైటు, కొత్త లైట్లు అన్నీ వేయండి. 3,000 ఆర్‌పీఎం దగ్గర 13.2 వోల్టులు, ఆపైన ఉంటే నిశ్చింత. 12.8 కంటే దిగితే బ్యాటరీ ఖర్చవుతోందని అర్థం. ఐడిల్‌లో కాస్త తగ్గడం సహజం.

100, 125 సీసీ పాత బండ్లలో ఇంకో చిక్కు ఉంది. చాలావాటిలో హెడ్‌లైటు నేరుగా ఇంజను వైపు నుంచి వచ్చే ఏసీ కరెంటు మీద నడుస్తుంది, యాక్సిలరేటర్ ఇస్తే వెలుగు పెరగడం దానికి గుర్తు. ఆ వైరుకు ఎల్‌ఈడీ తగిలిస్తే మిణుకుమంటుంది, రిలే (చిన్న సైగతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) తగిలిస్తే టకటకమని కొట్టుకుంటుంది. అలాంటి బండికి కరెంటు, సిగ్నలు రెండూ బ్యాటరీ వైపు నుంచే తీసుకోవాలి.

బిగించే చోటు

ఫాగ్ లైట్లు ఎంత కింద ఉంటే అంత మంచిది. క్రాష్ గార్డు కింది భాగం సరైన చోటు. డ్రైవింగ్ లైట్లు హెడ్‌లైటు ఎత్తులో ఉండాలి. క్రాష్ గార్డు బయటి అంచున పెడితే చూడ్డానికి బావుంటుంది గానీ, బండి ఒక్కసారి పక్కకు ఒరిగితే చాలు, లైటు పగులుతుంది. గార్డు వంపుకు లోపలి వైపే ఉంచండి.

క్లాంపు కొనే ముందు పైపు చుట్టూ దారం చుట్టి కొలవండి. 8 సెంటీమీటర్లు వస్తే 3.14తో భాగించి, 25 మిల్లీమీటర్ల పైపు అని తెలుసుకోవచ్చు. క్లాంపు లోపల పాత సైకిల్ ట్యూబు ముక్క వేస్తే పెయింటు గీరుకోదు, అదురు తగ్గుతుంది, జారదు కూడా. ఒక్క బోల్టు మీద నిలబడే క్లాంపులు తీసుకోవద్దు. సింగిల్ సిలిండర్ ఇంజను అదురుకు అవి వారంలో తల వంచేస్తాయి. నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉన్నవి) వాడండి, లేదా మరలకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. ఎం6 బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు, ఎం8కు 20 సరిపోతుంది.

బిగించాక హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, ముందు సస్పెన్షన్‌ను గట్టిగా అదిమి చూడండి. మడ్‌గార్డు, కేబుళ్లు లైటుకు తగలకూడదు. రేడియేటర్ ఉన్న బండైతే దాని ముందు గాలికి అడ్డం రాకూడదు.

వైరింగు

సగం బండ్లలో తప్పు జరిగేది ఇక్కడే. హెడ్‌లైటు వైరును చెక్కి, దానికే కొత్త లైటు చుట్టి, టేపు వేసి పంపేస్తారు. ఆ వైరు, ఆ స్విచ్చు ఒక్క హెడ్‌లైటు కోసం లెక్కగట్టి వేసినవి. కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా రావాలి. స్విచ్చు పని రిలేకు సైగ చేయడం వరకే. రిలే కాయిల్‌కు 0.15 ఆంపియరు చాలు కాబట్టి హ్యాండిల్ మీది చిన్న స్విచ్చు కూడా కాలిపోదు.

ఒక జతకు కావలసినవి: 12 వోల్టుల నాలుగు పిన్నుల రిలే సాకెట్‌తో సహా, బ్లేడ్ ఫ్యూజు హోల్డరు, 5 ఆంపియర్ల ఫ్యూజులు మూడు (రెండు విడిగా ఉంచుకోవడానికి), 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు ఆరు మీటర్లు, 6 మి.మీ. రింగు లగ్గులు, హీట్ ష్రింక్ స్లీవులు (వేడి చేస్తే వైరు మీద బిగుసుకునే గొట్టాలు), వాటర్‌ప్రూఫ్ స్విచ్చు. హైదరాబాద్ రాణీగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఇవన్నీ విడిగా దొరుకుతాయి. రెడీమేడ్ హార్నెస్ కొంటే లోపలి వైరు మందం చూసుకోండి. పై ప్లాస్టిక్ లావుగా, లోపల నాలుగు పోగులు ఉండేవి చాలా తిరుగుతున్నాయి.

1. బ్యాటరీ నెగెటివ్ ముందు విప్పండి.
2. పాజిటివ్ నుంచి ఫ్యూజు హోల్డరుకు, అక్కడి నుంచి రిలే 30వ పిన్నుకు. ఫ్యూజు బ్యాటరీకి 15 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న వైరు షార్టయితే ఆపేవాడుండడు.
3. 87వ పిన్ను నుంచి రెండు లైట్ల పాజిటివ్‌కు.
4. 85వ పిన్ను ఎర్తుకు.
5. 86వ పిన్ను స్విచ్చు ద్వారా సైగ వైరుకు. ఫాగ్ జతకైతే తాళం తిప్పాకే కరెంటు వచ్చే వైరు, ఉదాహరణకు పార్కింగ్ లైటుది. డ్రైవింగ్ జతకైతే హై బీమ్ వైరు. అప్పుడు లో బీమ్‌కు మార్చగానే హై బీమ్‌తో పాటు అవీ ఆరిపోతాయి. రెండు జతలుంటే రెండు రిలేలు, రెండు ఫ్యూజులు.
6. లైట్ల నెగెటివ్ వైరు బ్యాటరీ నెగెటివ్ దాకా లాగండి. క్రాష్ గార్డుకు ఎర్తు ఇవ్వకండి, దాని మీది పౌడర్ కోటింగు కరెంటును పోనివ్వదు.

డయోడు ఉన్న రిలే దొరికితే అదే కొనండి. కాయిల్ ఆగినప్పుడు వచ్చే వోల్టేజీ పోటు ఈసీయూ (ఇంజనును నియంత్రించే కంప్యూటరు) దాకా పోకుండా ఆపుతుంది. దానికి 86 పాజిటివ్, 85 నెగెటివ్ తారుమారు కాకూడదు. ఎల్‌ఈడీ హెడ్‌లైటు ఉన్న కొత్త బండ్లలో హై బీమ్ వైరును తాకే ముందు మల్టీమీటరుతో చూడండి. కొన్నింటిలో పాజిటివ్ ఎప్పుడూ ఉండి, నెగెటివ్ వైపు స్విచ్చు అవుతుంది. కంపెనీ వైరును కోస్తే వారంటీ దగ్గర పేచీ వస్తుంది కాబట్టి కప్లర్‌తోనే కలపండి.

జాయింట్లను క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి స్లీవు వేయాలి. మెలిపెట్టి టేపు చుడితే మొదటి వర్షానికే పచ్చగా చిలుం పడుతుంది. లైటు దగ్గర వైరును కిందికి వంపు తిప్పి పైకి తీసుకెళ్తే నీళ్లు ఆ వంపులోనే కారిపోతాయి. ఏబీఎస్ (బ్రేకు పట్టినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) సెన్సరు వైరుతో కలిపి కట్టవద్దు.

గురి పెట్టడం

చదునైన నేల మీద, గోడకు 7.5 మీటర్ల దూరంలో బండి నిలపండి. టైర్లలో గాలి సరిచూసి, మీరు ఎక్కి కూర్చోండి. లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద అదే ఎత్తులో గీత గీయించండి. ఫాగ్ లైటు కటాఫ్ ఆ గీతకు 10 సెంటీమీటర్లు కింద పడాలి. లైటు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ అంచు 45 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. డ్రైవింగ్ లైటుకైతే వెలుగు మచ్చ నడిబొడ్డు గీతకు రెండు మూడు సెంటీమీటర్లు కింద చాలు.

వెనక మనిషి కూర్చుంటే బండి వెనకభాగం కుంగి ముందు లేస్తుంది. ఒక్క డిగ్రీ లేచినా గోడ మీద వెలుగు 13 సెంటీమీటర్లు పైకి పోతుంది, అంటే మీరు దించిన పదీ పోయినట్టే. ఎప్పుడూ ఇద్దరు తిరిగే బండైతే ఇద్దరినీ కూర్చోబెట్టే గురి పెట్టండి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 106వ నిబంధన ఒక కొలత ఇచ్చింది: లైటుకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడి పక్కన, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. వేరొకరిని బండి మీద కూర్చోబెట్టి, మీరు అక్కడ నిలబడి, ఆ ఎత్తుకు తల వంచి చూడండి. చూపు తిప్పుకోవాల్సి వస్తే ఇంకా దించాలి.

తేడా చేస్తే

ఒక లైటు మసకగా ఉంటే ముందు ఎర్తు చూడండి, పదింట తొమ్మిదిసార్లు అదే. వేయగానే ఫ్యూజు పోతుంటే ఎక్కడో వైరు ఫ్రేముకు రాసుకుంటోంది, చాలాసార్లు హ్యాండిల్ మెడ దగ్గర. లైటు వేసినప్పుడే హెల్మెట్ ఇంటర్‌కామ్‌లో గరగర వినిపిస్తే లైటు లోపలి డ్రైవర్ సర్క్యూట్ నాసిరకం. వైరుకు తగిలించే ఫెర్రైట్ క్లిప్పు కొంత తగ్గిస్తుంది. తాళం తీసినా లైట్లు వెలుగుతుంటే సైగ వైరు నేరుగా బ్యాటరీ మీద ఉందన్నమాట. 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీని 40 వాట్లు రెండున్నర గంటల్లో ఖాళీ చేస్తాయి, సెల్ఫ్ స్టార్ట్ అంతకంటే ముందే మొరాయిస్తుంది. అద్దం లోపల చెమ్మ పట్టి, లైటు వేసిన అరగంటలో పోతే ఫరవాలేదు. నీళ్లు నిలిచి కనబడితే వైరు లోపలికి వెళ్లే రబ్బరు చూడండి. వాటర్ సర్వీసింగులో ప్రెషర్ గన్ను నేరుగా అక్కడ కొట్టనివ్వద్దు.

బిగించిన మొదటి 200 కిలోమీటర్ల తర్వాత బోల్టులు మళ్లీ బిగించి, గోడ ముందు మరోసారి గురి చూడండి. లోపల వేసిన ట్యూబు ముక్క సర్దుకున్నాక క్లాంపు తప్పకుండా కాస్త వదులవుతుంది.