ఒకటే గేమ్ కొని, దూరంగా ఉన్న ఇద్దరూ ఆడొచ్చు

కప్‌హెడ్ అనే వీడియో గేమ్ ఒక్కడినే ఆడుతుంటే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర చచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచే. ఇద్దరుంటే పైకి తేలిపోతున్న మన ఆత్మను రెండోవాళ్లు ఎగిరి తడితే చాలు, మనం బతికొస్తాం, ఆ కేకల సరదా ఒంటరిగా ఆడితే రాదు. కానీ అందులో ఆన్‌లైన్ కో-ఆప్ (ఇంటర్నెట్‌లో కలిసి ఆడే వీలు) లేదు, తమ్ముడేమో వైజాగ్‌లో, నేను హైదరాబాద్‌లో.

కంప్యూటర్ గేమ్స్ అమ్మే స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ ఉంది, మన స్క్రీన్ మీది ఆటను అవతలివాళ్లకి పంపి కలిసి ఆడనిస్తుంది. ఇద్దరికీ స్టీమ్ అకౌంట్ ఉండి, ఫ్రెండ్స్‌గా యాడ్ అయి ఉంటే తేలిక. నేను గేమ్ తెరిచి, షిఫ్ట్+ట్యాబ్ నొక్కి, ఫ్రెండ్స్ లిస్టులో వాడి పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆ ఆప్షన్ ఎంచుకుంటాను, అంతే. వాడు గేమ్ కొనక్కర్లేదు, డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు. గేమ్‌లో అవకాశం ఉంటే నలుగురి దాకా ఆడొచ్చు. ఇద్దరి దగ్గరా కంట్రోలర్ ఉంటే మరీ హాయి.

ఒక్క జాగ్రత్త. వీడియో మన కంప్యూటర్ నుంచే వెళ్తుంది కాబట్టి చూసుకోవాల్సింది మన అప్‌లోడ్ స్పీడ్. వైఫై మీద వాడికి బొమ్మ ఆగి ఆగి వచ్చేది, ల్యాన్ కేబుల్ పెట్టి రిజల్యూషన్ 720కి దించాక కుదిరింది. ఒకే స్క్రీన్ మీద ఇద్దరు ఆడే గేమ్స్‌కే ఇది పనిచేస్తుంది, ఆన్‌లైన్ మల్టీప్లేయర్ మాత్రమే ఉన్నవాటికి కాదు.